బాలనాగమ్మ స్ఫూర్తితో లోలిటా దుస్తులు: ఒక నారాయణపేట చీరతో జత సిద్ధం చేసుకోవడం ఎలా

జపాన్‌లో టోక్యో నగరపు హరాజుకు వీధుల్లో 1980ల నాటికి కనిపించడం మొదలై, 1990లలో తనదైన నియమాలతో స్థిరపడిన దుస్తుల శైలి లోలిటా ఫ్యాషన్. యూరప్‌లోని రొకోకో, విక్టోరియా కాలాల దుస్తులను ఆధారంగా చేసుకొని, మోకాలి వరకు గంట ఆకారంలో నిలబడే స్కర్ట్, మెడ వరకు మూసి ఉండే జాకెట్, పొడుగు సాక్స్, తలకు అలంకారం, ఇవన్నీ ఒకదానికొకటి పొందిక కుదిరేలా ధరించడం ఇందులో ముఖ్యం. దక్షిణ తెలంగాణలో ఉండి ఈ శైలిని ఇష్టపడేవారికి, తమకు నచ్చిన ఒక కథలోని పాత్రను ఈ దుస్తుల్లోకి ఎలా తెచ్చుకోవాలో వివరించడానికి ఈ వ్యాసం రాస్తున్నాను. ఉదాహరణగా బుర్రకథల్లో మనం విన్న బాలనాగమ్మను, నారాయణపేట నూలు చీరను తీసుకున్నాను. మీ మనసులో వేరే పాత్ర ఉన్నా పని జరిగే వరుస ఇదే.

ముందుగా ఒక తేడాను గుర్తుంచుకోవాలి. పాత్ర వేషం కట్టడం కాస్‌ప్లే. అందులో పాత్ర వేసుకున్న బట్టలను ఉన్నవి ఉన్నట్టు దించుతారు. మనం చేయబోయే పనిలో లోలిటా నియమాలు ముందు వస్తాయి, పాత్ర ఆ నియమాల లోపల ఒదగాలి. మిమ్మల్ని చూసినవారికి మొదట ఒక చక్కని లోలిటా జత కనిపించాలి. కథ తెలిసినవారు దగ్గరికి వచ్చినప్పుడు మాత్రమే, ఇందులో ఫలానా పాత్ర ఉందని గుర్తుపట్టాలి. జపాన్‌లో కిమోనో కట్టును కలుపుకొన్న వా లోలిటా, చైనా దుస్తుల పోకడను కలుపుకొన్న చీ లోలిటా ఎప్పటి నుంచో ఉన్నాయి కాబట్టి, మన చేనేతతో ఈ జతను కుట్టించుకోవడం శైలికి విరుద్ధమేమో అన్న సందేహం అక్కరలేదు.

మొదటి పని: పాత్ర నుంచి ఏం తీసుకోవాలో తేల్చుకోవడం

ఒక కాగితం తీసుకొని ఆ పాత్ర గురించి మీకు గుర్తున్నవన్నీ రాయండి. బాలనాగమ్మ విషయంలో ఆ పట్టిక ఇలా ఉంటుంది. ఆమె రాణి, పసిబిడ్డ తల్లి. మాయల ఫకీరు ఆమెను కుక్కగా మార్చి ఎత్తుకుపోయి తన కోటలో బంధిస్తాడు. వ్రతం పేరు చెప్పి ఆమె ఏళ్ల తరబడి అతణ్ణి దూరంగా ఉంచుతుంది. కొడుకు బాలవర్ధిరాజు పెరిగి పెద్దవాడై, పూలమ్మే ముసలమ్మ ఇంట్లో దిగి, ఆమె ద్వారా తల్లిని చేరుకుంటాడు. ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలుకలో ఉందని తెలుసుకొని, ఆ చిలుకను పట్టి అతణ్ణి అంతం చేస్తాడు.

ఈ పట్టికలో నుంచి మూడింటికి మించి తీసుకోకండి. నేనైతే వ్రతాన్ని, చిలుకను, పూలను తీసుకుంటాను. కుక్క, కోట, ఫకీరు మంత్రదండం కథలో ఎంత ముఖ్యమైనవైనా, వాటన్నిటినీ బట్ట మీదికి ఎక్కిస్తే జత కాస్తా కథ బొమ్మల పుస్తకంగా మారుతుంది. మీరు ఎంచుకున్నది యానిమే, అంటే జపాన్ యానిమేషన్ కథల్లోని పాత్ర అయితే ఆమె బట్టల రంగులు ముందే నిర్ణయమై ఉంటాయి. అప్పుడు ప్రధానమైన రెండు రంగులను, ఒక గుర్తును తీసుకుంటే చాలు. జానపద కథలోని పాత్రకు అలాంటి నిర్ణీత రూపం ఉండదు కాబట్టి రంగును కథలోని అర్థం నుంచే రాబట్టాలి.

వ్రతం అనగానే మనకు తోచేవి పసుపు, కుంకుమ. అందువల్ల జతకు ప్రధానమైన రంగు కుంకుమ ఎరుపు, దానికి తోడు అంచులో పసుపు. మూడోది చిలకపచ్చ. అయితే కథలో ఆ చిలుక ఎవరికీ కనిపించని చోట దాచిన ప్రాణం. అందుకే చిలకపచ్చను పైకి పరచకుండా స్కర్ట్ లోపలి అంచులో దాచి, నడుస్తున్నప్పుడో కూర్చుంటున్నప్పుడో ఒక్క గీతలా తొంగి చూసేలా చేయాలని నా సూచన. ఈ జత మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

లోలిటాలో లేత రంగులతో, మిఠాయి బొమ్మలతో ఉండే స్వీట్, నలుపు ప్రధానంగా ఉండే గోథిక్, ముదురు మట్టి రంగులతో నిదానంగా ఉండే క్లాసిక్ అనే మూడు పెద్ద శాఖలున్నాయి. కుంకుమ ఎరుపు, పసుపు అంచు, చేనేత నూలు ఈ మూడూ క్లాసిక్ శాఖకే నప్పుతాయి. బందీగా ఉన్న స్త్రీ కథ కాబట్టి గోథిక్ వైపు మనసు లాగవచ్చు గానీ, బాలనాగమ్మ ఓర్పుతో గెలిచిన మనిషి. నలుపులో ఆ నిబ్బరం కనిపించదని నా అభిప్రాయం.

బట్ట ఎంపిక

నారాయణపేట నూలు చీరల్లో చిన్న గళ్ల ఒళ్లు, దానికి భిన్నమైన రంగులో స్పష్టమైన అంచు కనిపిస్తాయి. ఈ రెండూ మన పనికి అనుకూలం. అంచు స్కర్ట్ కింది భాగంలో చుట్టూ తిరిగి, వేరే లేసు అవసరం లేకుండా చేస్తుంది. గళ్లు చిన్నవి కాబట్టి కుచ్చులు పెట్టినా గందరగోళంగా ఉండవు. గద్వాల చీరకు నూలు ఒళ్లు, పట్టు అంచు ఉంటాయి కాబట్టి చూడటానికి ఇంకా గొప్పగా ఉంటుంది. అయితే ఆ పట్టు అంచును ఇంట్లో ఉతకలేం, పైగా నూలూ పట్టూ కలిసే చోట అతుకు ఉంటుంది గనుక కత్తెర వేసేటప్పుడు ఎక్కువ జాగ్రత్త కావాలి. మొదటి జతకు అది వద్దు. పోచంపల్లి చిటికి (ఇక్కత్) బట్ట గజాల లెక్కన కూడా దొరుకుతుంది. పెద్ద డిజైన్ ఉన్నది కుచ్చుల్లో ముడుచుకుపోతుంది కాబట్టి, తీసుకుంటే చిన్న డిజైన్ చూసుకోండి. పుట్టపాక తేలియా రుమాలును మాత్రం దయచేసి కత్తిరించకండి. నూలును నూనెలో, బూడిద నీటిలో పదే పదే నానబెట్టి, ఆ తర్వాత ముడులు కట్టి రంగు వేసి నేసే ఆ బట్టను భుజాల చుట్టూ కప్పుకొంటే చాలు, జతకు నిండుదనం వస్తుంది.

పెద్దవాళ్ల పెట్టెలోని చీరను అడగకుండా తీయకండి. కొత్తదే కొనాలనుకుంటే, నేతలో చిన్న లోపం ఉన్న చీర ఏదైనా ఉందేమోనని దుకాణంలో అడగండి. లోపం ఉన్న చోటును కుట్టు లోపలికి పంపవచ్చు.

చీరను తెచ్చిన వెంటనే కత్తిరించకూడదు. దొడ్డు ఉప్పు వేసిన చల్లని నీటిలో కాసేపు ఉంచి జాడించి, నీటిలోకి రంగు దిగడం ఆగేవరకు మళ్లీ మళ్లీ విడిగా ఉతికి, నీడలో ఆరేయండి. నూలు కొంత ముడుచుకుపోతుంది. ఆ ముడుచుకోవడం కుట్టకముందే జరిగిపోవాలి. పసుపు అంచు మీదికి ఎరుపు ఎక్కుతుందా లేదా అన్నది కూడా ఇక్కడే తేలుతుంది.

ఒక చీరలో అంతా సర్దడం

చీర పొడవు సాధారణంగా ఐదున్నర మీటర్లు, పన్నా 45 నుంచి 48 అంగుళాలు ఉంటుంది. ఉతికి ఆరిన తర్వాత మీ చీరను టేపుతో కొలిచి, ఆ లెక్కనే నమ్మండి. నడుము నుంచి మోకాలి కిందికి వచ్చే స్కర్ట్ పొడవు, ఐదడుగుల రెండంగుళాల మనిషికి 24 నుంచి 26 అంగుళాలు పడుతుంది. చీరను పరిచి, కింది అంచు నుంచి పైకి 27 అంగుళాల దగ్గర గీత గీసి, పమిట లేని వైపు నుంచి మూడు మీటర్ల పొడవున కోయండి. కింద అంచు అలాగే ఉంటుంది కాబట్టి మడత కుట్టు అవసరం లేదు, మిగులు అంతా నడుము దగ్గర కుట్టులో కలుస్తుంది. మూడు మీటర్లు అంటే దాదాపు 118 అంగుళాలు. నడుము 30 అంగుళాలైతే ఇది నాలుగింతలకు దగ్గరగా వస్తుంది. లోలిటా స్కర్ట్‌కు నడుము కొలతకు కనీసం మూడింతల ఘేరు, అంటే కింది చుట్టుకొలత, ఉండాలి కాబట్టి ఇది చక్కగా సరిపోతుంది.

పైన మిగిలిన ఇరవై అంగుళాల పట్టీకి చీర రెండో అంచు ఉంటుంది. అందులో నుంచి నడుము వెనక ముడి వేసుకునే రెండు పట్టీలు, తలకు పెద్ద బో, భుజాల మీది కుచ్చు వస్తాయి. పమిట వైపు మిగిలిన రెండున్నర మీటర్లలో ఛాతీ భాగం, దాని పట్టీలు, జేబు సులువుగా వస్తాయి. పమిటలోని అడ్డచారలను ఛాతీ మధ్యలో నిలువుగా వచ్చేలా తిప్పి కోయిస్తే, విడిగా అలంకారం చేయనక్కరలేదు.

ఎవరితో కుట్టించాలి

ఇక్కడ నా సలహా కొంత గట్టిగానే చెబుతాను. చీర జాకెట్లు కుట్టడంలో పేరున్న టైలర్ దగ్గరికి వెళ్లకండి. వారి చేయి వెనక మెడను లోతుగా తీయడానికి, ఒళ్లు బిగుతుగా పట్టేలా డాట్లు వేయడానికి అలవాటుపడి ఉంటుంది. నల్లగొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ స్కూలు యూనిఫారాలు, చిన్నపిల్లల గౌన్లు కుట్టేవారిని వెతకండి. మనకు కావలసిన పైభాగం కాన్వెంటు పిల్లల పినాఫోర్‌కు దగ్గరి చుట్టం. బేబీ కాలర్, బుట్ట చేతులు, నడుము దగ్గర సమంగా కుచ్చులు, ఇవి వారికి రోజువారీ పని. లోలిటాలో దీన్ని జంపర్ స్కర్ట్ అంటారు గానీ, టైలర్‌కు ‘చేతుల్లేని పినాఫోర్, పెద్దవాళ్ల కొలత, ఘేరు ఎక్కువ’ అని చెబితే వెంటనే అర్థమవుతుంది. ఫోనులో ముందు వైపు, వెనక వైపు, పక్క నుంచి తీసిన మూడు బొమ్మలు చూపించండి.

కొలతలిచ్చేటప్పుడు మూడు మాటలు తప్పకుండా చెప్పాలి. ఛాతీ భాగం మెడ ముందూ వెనకా పైకే ఉండాలి. ఛాతీ దగ్గర రెండంగుళాల వదులు ఉంచాలి, ఎందుకంటే లోపల జాకెట్ వేసుకుంటారు. వీపు భాగంలో నడుము పైన సన్నని ఎలాస్టిక్ దారంతో ఏడెనిమిది వరుసలు కుట్టించాలి. ఈ ఎలాస్టిక్ వీపు వల్ల ఒళ్లు కొంచెం పెరిగినా తగ్గినా జత పనికొస్తుంది. మొత్తం అస్తరు పల్చని మల్లు బట్టే వేయించండి, పాలిస్టర్ అస్తరు మన ఎండల్లో ఒంటికి అంటుకుంటుంది.

జేబు మీద చిలుకను మగ్గం వర్క్‌తో పెట్టించాలనుకుంటే, ఆ పని కోతకు ముందే జరగాలి. టైలర్ బట్ట మీద జేబు ఆకారాన్ని సుద్దతో గీసి ఇస్తాడు. మగ్గం వారు చుట్టూ బట్ట ఉండగానే దాన్ని చట్రానికి బిగించి కుడతారు. ఆ తర్వాతే కత్తెర పడాలి. చిలుక రెండంగుళాలు మించకుండా, జరీ లేకుండా, పచ్చ పట్టుదారంతో ఒక్కటే ఉండాలి. చిలుకలు రెండు ఎదురెదురుగా ఉంటే అది పెళ్లి జాకెట్ డిజైన్‌లా కనిపిస్తుంది, బాలనాగమ్మ కథతో దానికి సంబంధం తెగిపోతుంది.

లోపలి లంగా

గంట ఆకారాన్ని నిలబెట్టేది స్కర్ట్ కింద వేసే క్యాన్‌క్యాన్ లంగా. ఇది బాగా లేకపోతే పైన ఎంత మంచి బట్ట ఉన్నా జత వాడిపోయినట్టు ఉంటుంది, కాబట్టి డబ్బు ఆదా చేయాలనుకుంటే ఇంకెక్కడైనా చేయండి. లెహంగాల కోసం అమ్మే రెడీమేడ్ క్యాన్‌క్యాన్ పాదాల వరకు ఉండి, కింది వైపే విచ్చుకుంటుంది. దాన్ని మోకాలి దగ్గర కత్తిరిస్తే ఘేరు పోతుంది. విడిగా కుట్టించుకోవడమే మేలు.

మూడు అంతస్తులుగా కుట్టాలి. పై అంతస్తు 45 అంగుళాల ఘేరుతో నూలు బట్టతో, ఎలాస్టిక్ నడుముతో ఉండాలి. నెట్ నడుము దాకా వస్తే నడుము లావుగా కనిపిస్తుంది, గీసుకుంటుంది కూడా. రెండో అంతస్తు 90 అంగుళాల ఘేరుతో, మూడోది 180 అంగుళాల ఘేరుతో గట్టి నెట్‌తో కుట్టాలి. ఒక్కో అంతస్తు ఎత్తు కుట్లు పోను ఏడు అంగుళాలు ఉంటే మొత్తం 21 అవుతుంది, 25 అంగుళాల స్కర్ట్ కింద ఇది బయటికి కనిపించదు. కింది రెండు అంతస్తులకూ నెట్‌ను రెండు పొరలుగా వేయిస్తే చేనేత నూలు బరువును బాగా మోస్తుంది. నెట్ అంచు సాక్స్‌ను చీరకుండా కింద చుట్టూ శాటిన్ రిబ్బను వేయించండి.

దీని మీద, స్కర్ట్ కింద, పల్చని నూలు లంగా ఒకటి కావాలి. స్కర్ట్‌కు నెట్ తగలకుండా కాపాడేది ఇదే, మన చిలకపచ్చ దాగేదీ ఇక్కడే. ఈ లంగా కింది అంచుకు మూడంగుళాల చిలకపచ్చ కుచ్చు కుట్టించి, నిలబడి ఉన్నప్పుడు స్కర్ట్ అంచుకు అరంగుళం పైన ఆగేలా చూసుకోండి. నెట్ బయట కనిపించడం ఈ శైలిలో తప్పు. పని ముగించిన కుచ్చు కావాలని తొంగి చూడటం తప్పు కాదు. అన్నిటికన్నా లోపల మోకాలి పైవరకు వచ్చే వదులు నూలు పైజామా, అంటే బ్లూమర్స్, తప్పనిసరి. గాలికీ బస్సు మెట్లకీ దానితోనే ధీమా.

జాకెట్, సాక్స్, బూట్లు

జాకెట్ మీగడ రంగు నూలుతో, బేబీ కాలర్‌తో, మోచేయి దాటిన బుట్ట చేతులతో ఉండాలి. తెల్లటి తెలుపు కుంకుమ రంగు పక్కన యూనిఫారంలా కనిపిస్తుంది. మోకాలి వరకు వచ్చే మీగడ లేదా ముదురు ఎరుపు సాక్స్, పైన ఒక పట్టీ ఉండి బకిల్ పెట్టుకునే గుండ్రటి ముందు భాగం ఉన్న బూట్లు తీసుకోవాలి. బడులు తెరిచే జూన్ నెలలో స్కూలు సామాన్ల దుకాణాల్లో ఈ రెండూ పెద్ద సైజుల్లో కూడా దొరుకుతాయి.

తల, చేతులు

ఈ శైలిలో తల ఖాళీగా ఉంటే జత పూర్తి కానట్టే. చీర అంచుతో చేసిన బోను గట్టి బక్రం వేసి నిలబడేలా కుట్టించి, హెయిర్ బ్యాండ్‌కు కొంచెం పక్కగా బిగించండి. దాని చుట్టూ పూలు రావాలి, ఎందుకంటే కథలో తల్లికీ కొడుక్కీ మధ్య దారి వేసింది పూలమ్మే ముసలమ్మే. మల్లెలు మధ్యాహ్నానికే వాడిపోతాయి కాబట్టి కనకాంబరాలు వాడండి, లేదా గుడ్డ పూలు కుట్టుకోండి. ఒక పొడుగు జడ వేసి చివర జడకుచ్చులు కడితే, ఈ జత తెలుగుతనం మాటల్లో చెప్పనక్కరలేదు. ఒక చేతికి ఎర్రని మట్టి గాజులు రెండు జతలు చాలు. నడుముకు వడ్డాణం పెట్టకండి, అది ఉన్న చోట ఇంకేదీ కనిపించదు.

చేతి సంచి కోసం మేదరివారి దగ్గర ఎనిమిదంగుళాల ఎత్తున మూత ఉన్న వెదురు బుట్టను పంజరం పోలికలో అల్లించుకోవచ్చు. లోపల అస్తరు కుట్టి ఫోను, డబ్బులు పెట్టుకోండి. చిలుక బొమ్మను అందులో వేయవద్దు. జేబు మీద ఒకటి ఉండగానే ఇంకొకటి కనిపిస్తే దాచినదానికి విలువ ఉండదు.

వేసుకునే వరుస, బయటికి వెళ్లే రోజు

బ్లూమర్స్, సాక్స్, జాకెట్, క్యాన్‌క్యాన్ లంగా, చిలకపచ్చ కుచ్చు లంగా, జంపర్ స్కర్ట్, బూట్లు, చివరికి తల. ఈ వరుసలో వేసుకుంటే మధ్యలో వంగాల్సిన పని తగ్గుతుంది. ముందురోజే ఇంట్లో పూర్తిగా వేసుకొని కుర్చీలో కూర్చొని లేచి, మెట్లెక్కి చూడండి. కూర్చునేటప్పుడు స్కర్ట్‌ను వెనక నుంచి రెండు చేతులతో పైకి తీసి, లంగా మీద కూర్చోవాలి. స్కర్ట్‌తో కలిపి కూర్చుంటే నూలు నలిగి వెనక భాగం అణిగిపోతుంది.

మన వైపు ఏప్రిల్, మే నెలల్లో ఇన్ని పొరలు వేసుకోవడం ఆరోగ్యానికి మంచిది కాదు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలమైన కాలం. హైదరాబాద్‌కు రైల్లో గానీ బస్సులో గానీ వెళ్లేవారు క్యాన్‌క్యాన్ లంగాను గుడ్డ సంచిలో మడిచి తీసుకువెళ్లి, దిగిన తర్వాత వేసుకోవాలి. ఫోటోలకు మహబూబ్‌నగర్ పక్కనున్న పిల్లలమర్రి ఈ కథకు బాగా సరిపోయే నేపథ్యం. ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పే ఆ మర్రిచెట్టు ఊడలను పట్టుకొని వేలాడటం, కొమ్మల మీద కూర్చోవడం చేయకుండా, కంచె ఇవతల నిలబడి తీసుకోండి. చెదలు పట్టిన ఆ చెట్టుకు జరిగిన వైద్యం ఇంకా మన కళ్ల ముందే ఉంది.

ఇంటికి వచ్చాక క్యాన్‌క్యాన్ లంగాను నడుము కిందికి వచ్చేలా తలకిందులుగా తగిలించండి, నెట్ విచ్చుకొనే ఉంటుంది. జంపర్ స్కర్ట్‌ను చల్లని నీటిలో చేత్తోనే ఉతికి, పల్చని బియ్యపు గంజి పెట్టి, నీడలో తిరగేసి ఆరేసి, చెమ్మ కొంచెం ఉండగానే లోపలి వైపు నుంచి ఇస్త్రీ చేయండి. మగ్గం వర్క్ ఉన్న జేబు మీద ఒక గుడ్డ పరిచి, ఇస్త్రీ పెట్టెను అదిమిపెట్టకుండా తాకించి తీయాలి. చిలకపచ్చ కుచ్చు లంగాను మాత్రం మొదటి మూడు ఉతుకులు విడిగానే వేయండి, ఆ రంగు మీగడ రంగు జాకెట్‌కు అంటితే వదలదు.